ఎడమ దవడతో పదిహేను నెలలు

మా ఇంట్లో అద్దాలు మూడు. బాత్రూంలో ఒకటి, అమ్మ బీరువాకి ఒకటి, నాన్న గడ్డం గీసుకునే చిన్నది ఒకటి. అవి నాకు చాలలేదు. కట్టేసిన టీవీ, స్టీలు పళ్ళెం, సిగ్నల్ దగ్గర ఆగిన కారు కిటికీ, గోపాలపట్నం మెయిన్ రోడ్డు మీద బంగారం కొట్టు గాజు తలుపు, ఎవరిదో బైకు అద్దం, చివరికి గరిటె వెనకభాగం కూడా. గరిటెలో ఎవరి మొహమైనా గుమ్మడికాయలాగే ఉంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ చూసేదాన్ని, చూసి ఏడ్చేదాన్ని.

ఇప్పుడు కాస్త కుదుటపడ్డాను కాబట్టి నవ్వుతూ రాస్తున్నాను. నా పేరు రూతు, వయసు ఇరవై ఏడు. పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో, ఓడల్లో వచ్చే సరుకు తాలూకు కాగితాలు చూస్తాను. అమ్మా నాన్నలతో ఉంటాను. నాకొచ్చిన జబ్బుని బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే, ఒంట్లో ఎక్కడో ఒకచోట లోపం ఉందని మనసు పట్టుకుని కూర్చుంటుంది, ఎవరెంత చెప్పినా వదలదు. నా మనసు ఎడమ దవడని పట్టుకుంది. ఇలాంటి పిల్ల ఎవరింట్లోనైనా ఉంటే, అది టెక్కు అనుకుని తిట్టేవాళ్ళుంటే, వాళ్ళ కంట పడుతుందని రాస్తున్నాను. కొంత నాకోసం కూడా. రాస్తున్నంతసేపూ చెయ్యి దవడ మీదికి వెళ్ళడం లేదు.

మొదలైంది నిరుడు జూన్‌లో. ఆఫీసులో రోజూ పొద్దున్నే వీడియో మీటింగులు పెట్టడం మొదలుపెట్టారు. తెర మూలన చిన్న పెట్టెలో మన మొహం మనకే కనిపిస్తుంది కదా. మూడో రోజో నాలుగో రోజో, అవతలివాళ్ళు ఏదో కంటైనర్ గురించి అడుగుతుంటే నేను నా పెట్టెనే చూస్తూ ఉండిపోయాను. ఎడమ దవడ కుడిదానికంటే కిందికి జారి, కాస్త బరువుగా ఉంది. ఇన్నేళ్ళూ ఇది ఎలా కనపడలేదా అనుకున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి బీరువా అద్దం ముందు నిలబడ్డాను. అమ్మ భోజనానికి పిలిచింది. మళ్ళీ పిలిచింది. మూడోసారి తనే వచ్చింది.

"ఏటే, ఎవులైనా ఫొటో తీత్తన్నారేటి? కూడు సల్లారిపోతంది."

"అమ్మా, నా దవడ సూడు. ఎడంపక్క పెద్దగుంది కదా?"

"నాకేటీ అవుపడ్డం లేదు. బాగున్నావే. రా, తిను."

ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. అమ్మ 'బాగున్నావు' అంటే ఒక పది నిమిషాలు ఊపిరాడేది. తరవాత అనుమానం వచ్చేది. వంటింట్లో వెలుతురు చాల్లేదేమో, అమ్మ సరిగ్గా చూడలేదేమో, కన్నతల్లి కాబట్టి అలా అందేమో. మళ్ళీ అడిగేదాన్ని. డాబా మీదికి తీసుకెళ్ళి, ఎండలో నిలబెట్టి అడిగేదాన్ని. పోపు మాడిపోతున్నా సరే, అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి నా గడ్డం పట్టుకుని చూసి 'బాగున్నావు తల్లీ' అని వెళ్ళేది. దసరా సెలవుల నాటికి అమ్మ తల ప్రాణం తోకకి తెచ్చేశాను.

మా చర్చిలో ఆడవాళ్ళు కొంగు నెత్తిన కప్పుకుంటారు. నాకది భలే కలిసొచ్చింది. కొంగు బాగా ముందుకి లాక్కుని, గోడవార చేరి, ఎడమ చెంప గోడవైపు ఉండేలా కూర్చునేదాన్ని. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, అది చూసి ముచ్చటపడిపోయారు. ఈ కాలం పిల్లల్లో ఇంత భక్తి ఎక్కడుందమ్మా అని అమ్మతో అన్నారట. అమ్మ ఇంటికొచ్చి నాన్నకి చెప్పి మురిసిపోయింది. నేను గదిలో కూర్చుని ఫోను కెమెరాలో దవడ చూసుకుంటున్నాను.

ఆఫీసుకి ఆలస్యాలు మొదలయ్యాయి. ఎడమపక్క కిటికీ సీటు దొరకని బస్సుని వదిలేసేదాన్ని. ఒక్కోరోజు మూడు బస్సులు. మీటింగులో కెమెరా ఆపేసి నెట్ బాగాలేదని బొంకేదాన్ని. నవంబరులో సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. డిసెంబరు వచ్చేసరికి నాలో ఒకటే మాట మిగిలింది. దవడ కోయించుకోవాలి. ఎముకని అరగదీసి సరిచేస్తారని ఫోనులో చూశాను. అది జరిగితే నేను మామూలు మనిషినవుతాను, జరక్కపోతే ఇక బతుకే లేదు. ఈ మాట ఇంట్లో చెప్పిన రోజు అమ్మ కూలబడిపోయింది.

ఇక్కడ నాన్న గురించి చెప్పాలి. ఆయన స్టీలు ప్లాంటులో మెషిన్ షాపు మనిషి. లేతు మీద తయారైన ఇనప షాఫ్టుల్ని వెర్నియర్‌తో కొలిచి, కొలత కుదిరితే పాస్, కుదరకపోతే రిజెక్ట్ అని రాసి సంతకం పెట్టడం ఆయన పని. ముప్ఫై ఏళ్ళుగా అదే చేస్తున్నాడు. కొలత దగ్గర ఎవరికీ మొహమాటపడడు. మా వీధి గుమ్మం వంకరగా ఉందని వడ్రంగి చేత రెండుసార్లు ఊడదీయించి మళ్ళీ పెట్టించిన మనిషి. కూతురు ఎడమపక్క పెద్దదంటోంది, పెళ్ళాం కాదంటోంది. పాపం, ఆయనకి తెలిసిన సాయం ఆయన చేశాడు.

జనవరిలో ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక నన్ను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాడు. బీరువాలోంచి సొంత వెర్నియర్ తీశాడు.

"నువ్వు పెద్దదంతావు, మీ యమ్మ కాదంతాది. ఈ గొడవంతా ఎందుకు? కొలిసీద్దాం, తేలిపోద్ది."

పెన్సిలుతో ముక్కు కింద ఒక చుక్క, రెండు దవడల మూలల దగ్గరా చెరో చుక్క పెట్టాడు. ఇనుము చల్లగా తగులుతుందని వెర్నియర్ మొనల్ని అరచేతుల్లో పట్టుకుని కాసేపు వెచ్చబెట్టాడు. ఒక్కో పక్క మూడేసిసార్లు కొలిచాడు. కాగితం మీద కుడి ఇంత, ఎడమ ఇంత, తేడా రెండు పాయింట్ నాలుగు మిల్లీమీటర్లు అని రాసి, అలవాటు కొద్దీ తారీకు వేసి సంతకం కూడా పెట్టాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఓస్, ఇంతేనా! రెండు పాయింట్ నాలుగు. మడిసి మొకానికి ఇది లెక్కలోది కాదే రూతమ్మా. పాస్!"

నాకు పాస్ వినపడలేదు. రెండు పాయింట్ నాలుగు వినపడింది. ఇన్ని నెలలుగా అందరూ లేదు లేదన్నది ఉందని, ఎప్పుడూ తప్పు కొలత రాయని మా నాన్నే రాసిచ్చాడు. నేను ఆ కాగితం పట్టుకుని ఏడుస్తుంటే అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఏటయ్యా నువ్వు సేసిన పని? గుంటని పట్టుకుని ఇనపముక్కని కొలిసినట్టు కొలిసీసినావా?"

"సరిగ్గానే కొలిసినానే," అన్నాడు నాన్న, ఏం తప్పు జరిగిందో తెలీక. వెర్నియర్‌ని గుడ్డతో తుడిచి మళ్ళీ బీరువాలో పెట్టేశాడు.

మార్చిలో ఆ కాగితం పట్టుకుని దవడ ఆపరేషన్లు చేసే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నాన్న తోడొచ్చాడు. డాక్టరు నన్ను అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. ఎక్స్‌రే చూశారు. చివర్న నేను కాగితం తీసి బల్ల మీద పెట్టాను.

"ఇదెవరు కొలిచారమ్మా?"

"మా నాన్నండి."

"ఆయన డాక్టరా?"

"కాదండి. స్టీల్ ప్లాంటులో షాఫ్టులు కొలుస్తారు."

ఆయన నవ్వబోయి నా మొహం చూసి ఆగారు. "అమ్మా, నా మొహం కొలిస్తే ఇంతకంటే ఎక్కువ తేడా వస్తుంది. మీ దవడ నేను కొయ్యను. కోసినా మీకు తృప్తి ఉండదు, ఇంకో చోటు కొయ్యమంటారు. ఇలాంటి బాధకి వేరే డాక్టర్లున్నారు," అని ఒక చీటీ రాసిచ్చారు. చీటీ మీద సైకియాట్రీ అని ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆటోలో నాన్నకి ఎడంగా, చివరికి జరిగి కూర్చున్నాను. ఆయన ఆ కొలతల కాగితాన్ని నా చేతిలోంచి మెల్లిగా తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ అడిగినా ఇవ్వలేదు.

నేనూ ఆయన కూతుర్నే కదా, వదల్లేదు. ఫోనులో వెతికి వేరే రాష్ట్రంలో ఒక ఆసుపత్రిని పట్టుకున్నాను. ఫొటోలు పంపితే చేస్తామన్నారు. సెప్టెంబరుకి తారీకు ఇచ్చారు. నాన్న విని నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నాను తీసుకెల్తాను. ఒట్టు. కాపోతే ముందు ఆ చీటీలో డాక్టరు దగ్గరికి ఒక్కపాలి రా. నాకోసం."

అలా ఏప్రిల్‌లో పెద్దాసుపత్రి మానసిక విభాగం వరండాలో తేలాం. చేతిలో నంబరు చీటీ, పొడుగాటి బెంచీలు, నెత్తిన గరగరలాడే ఫ్యాను. నేను అలవాటు ప్రకారం గోడవారకి వెళ్తే అక్కడ చోటు లేదు. బెంచీ మధ్యలో కూర్చుని ఎడమ చెంప మీద చున్నీ అదిమిపట్టుకున్నాను. నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది, ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్ముతుందట, కొడుక్కి మందులకోసం వచ్చింది. ఆవిడ నన్ను కాసేపు చూసింది. ఏమైందని అడగలేదు. లేచి నా కుడిపక్క నుంచి ఎడమపక్కకి వచ్చి కూర్చుంది.

"ఈ పక్క నానుంతాను. నువ్వా గుడ్డ వదిలీ, ఉక్కపోతకి సచ్చిపోతావు."

నా నంబరు పిలిచేదాకా ఆవిడ అక్కడే కూర్చుంది. తన నంబరు దాటిపోతే వెళ్ళి మళ్ళీ రాయించుకుంది. ఆవిడ పేరు కూడా అడగలేదు నేను. అప్పట్లో నాకు ఎవరి పేర్లూ పట్టేవి కావు.

లోపల డాక్టరు మేడమ్ రోజుకి ఎంతసేపు చూసుకుంటారని అడిగారు. ఒక గంట, అన్నాను. నాన్న గొంతు సవరించుకుని జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీశాడు. అంతకుముందు వారమే నాలుగు రోజులు సెలవు పెట్టి, హాల్లో పేపరు చదువుతున్నట్టు కూర్చుని, నేను అద్దం ముందుకి ఎప్పుడు వెళ్ళానో ఎప్పుడు వచ్చానో టైము రాసిపెట్టాడు. సగటున ఐదు గంటల నలభై నిమిషాలు. నాకు తల కొట్టేసినట్టయింది. మేడమ్ మాత్రం ఆ నోట్‌బుక్ అంతా తిరగేసి, "ఇంత చక్కగా ఎవరూ రాసుకురారండీ," అన్నారు. జనవరి తరవాత నాన్న తలెత్తి కూర్చోవడం అదే చూడ్డం.

నా జబ్బు పేరు ఆవిడే చెప్పారు. ఇలాంటివాళ్ళు చాలామంది వస్తారని, తగ్గుతుందని చెప్పారు. పేరు వినగానే ఏడుపొచ్చింది. నేను పిచ్చిదాన్నీ కాదు, టెక్కులాడినీ కాదు, జబ్బు మనిషిని. ఆపరేషన్ సంగతి చెబితే వద్దనలేదు. "సెప్టెంబరుదాకా టైముంది కదా. అప్పటివరకు నేను చెప్పినట్టు చెయ్యండి. ఆ తరవాత కూడా కోయించుకోవాలనిపిస్తే వెళ్ళండి," అన్నారు. నేను ఒప్పుకున్నాను. మనసులో మాత్రం సెప్టెంబరుకి రోజులు లెక్కపెట్టుకుంటున్నాను.

మాత్రలు ఇచ్చారు. మొదటి రెండు వారాలు కడుపులో తిప్పింది, నోరు ఎండిపోయింది. వారం వారం వెళ్ళి మేడమ్‌తో మాట్లాడి రావాలి. పళ్ళు తోముకునేటప్పుడు తప్ప అద్దం చూడకూడదు. దవడ తడమకూడదు. ఇవి నాకు. ఇంట్లోవాళ్ళకి ఒకటే: నా ప్రశ్నకి జవాబు చెప్పకూడదు. బాగున్నావన్నా బాలేవన్నా ఆ జబ్బుకి తిండి పెట్టినట్టేనట.

అమ్మకి ఇది మింగుడు పడలేదు. "కన్నబిడ్డ అడుగుతంటే నోరు మూసుకోమంతాదేటి ఆ డాక్టరమ్మ? ఆవిడకి పిల్లల్లేరేటి?" అని నాన్న మీద పడింది. నాన్న నియమం అంటే నియమం. నేను నోరు తెరవగానే డాబా మీదికి పోయేవాడు. ఆ వేసవిలో మా డాబా మీద కుండీలకి పడినన్ని నీళ్ళు జన్మలో పడలేదు. దొరికేది అమ్మే. ఒకరోజు అమ్మ కొంగు పట్టుకుని వంటింట్లో అడ్డంగా నిలబడ్డాను. ఒక్కసారి చెప్పు, ఇదే ఆఖరు, అని బతిమాలాను. చెప్పకపోతే అరిచాను, పళ్ళెం విసిరేశాను. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తల అటూ ఇటూ ఊపింది తప్ప మాట్లాడలేదు. తరవాత కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చింది. నాకు వినపడదనుకుంది.

జూన్ అన్నిటికంటే పాడు నెల. చచ్చిపోతే బాగుణ్ణు అనిపించిన రోజులు అందులో ఉన్నాయి. ఆ మాట మేడమ్‌తో చెప్పడానికి సిగ్గుపడ్డాను, కానీ చెప్పాను. ఆవిడ కంగారుపడలేదు, తేలిగ్గానూ తీసుకోలేదు. వారానికి రెండుసార్లు రమ్మన్నారు, మాత్ర మోతాదు మార్చారు, ఇంట్లో నన్ను ఒంటరిగా వదలొద్దన్నారు. ఎవరికైనా అలా అనిపిస్తే దాచుకోకండి. ఎవరో ఒకరికి ఆ రోజే చెప్పండి.

జూలైలో ఒకరోజు, అన్నం తినేసి పళ్ళెం కడిగి బోర్లించాక గుర్తొచ్చింది, అందులో మొహం చూసుకోలేదని. అలా చెదురుమదురుగా తగ్గింది. ఒకరోజు మెరుగు, రెండ్రోజులు మామూలే. మా ఆఫీసులో మేనేజరుగారు నా కుర్చీలో ఎవర్నీ పెట్టలేదు. రోజుకో పూట వచ్చి చూడమ్మా అన్నారు. ఒంటిపూట పనికి వెళ్ళడం మొదలుపెట్టాను. సెప్టెంబరు రైలుకి టికెట్లు కూడా తీశాం. నాన్న అన్న మాట ప్రకారం రెండు బెర్తులు చేయించాడు.

ఆగస్టులో మేడమ్ ఒక పని అప్పగించారు. ఎవరితో మాట్లాడినా వాళ్ళ మొహంలో ఒక్క విషయం గమనించి రాసుకురావాలి. చిన్నపిల్లల హోంవర్కులా అనిపించింది. కండక్టరుకి చెవి మీద పుట్టుమచ్చ. మేనేజరుగారి కనుబొమలు కలిసిపోయి ఉంటాయి. నాన్నకి ఎడమ కన్ను కింద చిన్న కాలిన గుర్తు. ఇవన్నీ ఇన్నేళ్ళూ ఎక్కడున్నాయో.

ఒక శనివారం పెరట్లో మెట్ల మీద కూర్చుని అమ్మ నెత్తళ్ళ చేపలు బాగుచేస్తోంది. పిల్లి వచ్చి ఆశగా కూర్చుంటే దాన్ని తిడుతూ తనే నవ్వింది. నేను ఎదురుగా కూర్చుని, ఇవాళ్టికి అమ్మ మొహం రాద్దామని చూశాను. పైవరసలో కుడివైపు రెండు పళ్ళు లేవు.

"అమ్మా, నీ పల్లేవి?"

"ఏ పల్లు?" అని నాలుకతో తడుముకుంది. "ఓలమ్మా, ఇప్పుడు సూసినావా? మార్చిలోనే పీకించీసినాను కదే. నువ్వూ మీ నాన్నా ఆ దవడ డాక్టరు దగ్గరికెల్లిన్రోజే. నొప్పి ఆగలేదు, ఒక్కర్తినే ఎల్లొచ్చీసినాను."

"నాకు సెప్పలేదేటి?"

"నీ బాద నీకు సాల్దేటి, మద్దిలో నా నోటి గోలొకటా?"

"మరి కట్టించుకోలేదేటమ్మా?"

"నీ పని తేలనీ అని ఉండిపోనాను. ఏటుందిలే, అన్నం తినడానికి ఈ పక్కుంది కదా."

మార్చి నుంచి ఆగస్టు. ఆ అయిదు నెలల్లో నేను అమ్మ మొహానికి జానెడు దూరంలో నిలబడి ఎన్నిసార్లు 'చూడు' అన్నానో లెక్కలేదు. అమ్మ ప్రతిసారీ చూసింది. నేను ఒక్కసారి చూడలేదు. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. చేపల వాసన చేతులతోనే అమ్మ నా తల పట్టుకుని, "ఎందుకే, పల్లే కదా," అంటోంది. ఆ సోమవారం మేడమ్‌కి ఇది చదివి వినిపించలేకపోయాను. నోట్‌బుక్ ఆవిడ చేతికిచ్చేశాను.

పెందుర్తి రోడ్డులో పళ్ళ డాక్టరుకి అమ్మని చూపించాను. ఆయన కొలతలు తీసుకుని, కొత్త పళ్ళు పెట్టడానికి సెప్టెంబరులో రెండు తారీకులు చెప్పాడు. ఒకటి నా రైలు రోజు. అమ్మ రెండోది చెప్పబోయింది. నేను మొదటిదే రాయించాను. దవడ కోయించుకోవాలన్న కోరిక చచ్చిందని కాదు, అబద్ధం ఆడను, ఆ క్షణంలో కూడా ఉంది. ఆ రోజు నాకు రైల్లో ఉండబుద్ధి కాలేదు, అంతే. సాయంత్రం నాన్నకి చెబితే, సరే అని టికెట్లు రద్దు చేయించడానికి చెప్పులు వేసుకుని వెంటనే బయల్దేరాడు. ఫోనులో చెయ్యొచ్చు నాన్నా అన్నా వినలేదు.

రైలెక్కాల్సిన రోజున అమ్మా నేనూ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. గంటన్నర కూర్చోబెట్టారు. లోపల డాక్టరు పళ్ళు అమర్చి, కొరికించి, కాస్త అరగదీసి మళ్ళీ కొరికించి, చేతి అద్దం అమ్మకిచ్చాడు. నేను ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నాను. అమ్మ అద్దంలోకి చూసి ఒకసారి పళ్ళు ఇకిలించింది. ఒక్క క్షణం.

"బాగానే ఉన్నాయి బాబూ. జొన్నపొత్తు కొరకొచ్చా?"

అంతే. అద్దం నా చేతిలో పెట్టేసి, డాక్టరు చెప్పే జాగ్రత్తలు సగం విని, చెప్పులు వెతుక్కుంటూ బయటికి పోయింది. అద్దం చూడడమంటే ఇంతే కాబోలు అనుకున్నాను. తరవాత నేనూ చూశాను. చూశాననే రాస్తున్నాను. ఎడమ దవడ అక్కడే ఉంది. నా కళ్ళకి ఇంకా కాస్త పెద్దగానే ఉంది. బొటనవేలు దాని మీదికి లేస్తోంది.

"ఏటే సేత్తన్నావక్కడ? బస్సొచ్చీసింది!"

అద్దం డాక్టరు బల్ల మీద పెట్టి పరిగెత్తాను. రోడ్డు మీద అమ్మ ఒక కాలు ఫుట్‌బోర్డు మీదా, ఒక కాలు కిందా పెట్టి, కొత్త పళ్ళు రెండూ బయటపెట్టి డ్రైవరుతో పోట్లాడుతోంది, మా అమ్మాయి వత్తంది, ఆపు బాబూ అని.